నీళ్లు తగలనివ్వొద్దనే మాటే కన్ను తీస్తోంది

పిల్లాడి కంట్లో సున్నం పడిందంటే మన ఊళ్లలో ముందు లేచే కేక ఒకటుంది: "నీళ్లు తగలనివ్వకండి, ఉడుకుద్ది!" ఆ కేక వేసేది ఊరూ పేరూ లేనివాళ్లు కాదు. ఇంట్లో పెద్దావిడ, వెల్ల వేయడానికొచ్చిన మేస్త్రీ, పక్కింటి మాస్టారు, ఒక్కోసారి మందుల షాపు కుర్రాడు. అందరూ ఆ పిల్లాడి మేలు కోరేవాళ్లే. చెంబుతో నీళ్లు తెస్తున్న తల్లి ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోతుంది. ఒకరు నెయ్యి తెస్తారు. ఒకరు ఆముదం చుక్క వేయమంటారు. వీధిలో బాలింత ఉంటే చనుబాలు పిండించమంటారు. ఇంతలో ఎవరో బండి తీసి, "ఈ చిట్కాలన్నీ ఎందుకు, ముందు ఆసుపత్రికి పదండి" అంటారు. పిల్లాడు అరచేత్తో కన్ను నొక్కుకుని ఏడుస్తూనే బండెక్కుతాడు. మండల కేంద్రంలో కంటి డాక్టరు ఉండరు, అక్కడి నుంచి పట్నానికి. గంట గడుస్తుంది, రెండు గంటలు గడుస్తాయి. అంతసేపూ సున్నం కంట్లోనే ఉంటుంది.

ఆ కేక తప్పు. ఎంత ప్రేమతో వేసినా తప్పే. దాని వెనకే వచ్చే నెయ్యి, ఆముదం, చనుబాలు తప్పు. "ముందు ఆసుపత్రికి" అన్నది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది గానీ, అదీ తప్పే. సున్నం కానివ్వండి, బాత్రూమ్ యాసిడ్ కానివ్వండి, బ్లీచింగ్ పౌడరో పురుగుమందో కానివ్వండి, పడిన చోటే, పడిన నిమిషమే, చేతికందిన మంచినీళ్లతో కన్ను తెరిచిపెట్టి ధారగా కడగాలి. తక్కువలో తక్కువ పావుగంట. సున్నం, సిమెంటు, కాస్టిక్ సోడా లాంటివైతే అరగంట. ఆసుపత్రి ప్రయాణం ఆ తర్వాతే. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి ఎదురొచ్చే వాదనలకు జవాబు.

ఉడుకుతుందన్న భయం ఉత్తినే పుట్టలేదు. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలు చూసినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. బట్టీలో కాలిన సున్నపురాయి మీద నీళ్లు చల్లితే రాయి బుసబుసమంటుంది, పగుళ్లు బారుతుంది, ఆవిరి కక్కుతూ పొడిపొడి అయిపోతుంది. పాత ఇళ్లు కట్టిన రోజుల్లో గోతిలో సున్నం నానేస్తే ఆ దరిదాపులకు పిల్లల్ని పోనిచ్చేవాళ్లు కాదు. నీళ్లు పడితే సున్నం ఉడుకుతుందన్నది మనవాళ్లు కళ్లారా చూసిన నిజం. ఆ నిజాన్ని తీసుకొచ్చి కంటికి అంటగట్టడంలోనే పొరపాటు జరిగింది.

ఉడికేది బట్టీ నుంచి దిగి, ఇంకా నీళ్లు తగలని సున్నం. రసాయన శాస్త్రంలో దాని పేరు కాల్షియం ఆక్సైడ్. నీళ్లు తగలగానే అది వేడి కక్కి కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. ఉడకడం అక్కడితో సరి. తమలపాకుకు రాసే సున్నం, ఖైనీలో నలిపే ప్యాకెట్ సున్నం, గోడకు వేసే వెల్ల, ఇవన్నీ ఎప్పుడో ఉడికి చల్లారిన సున్నాలే. వీటి మీద బిందెడు నీళ్లు పోసినా వేడి పుట్టదు. ఇళ్లలో పిల్లల కళ్లలో పడేది చాలావరకు ఈ సున్నమే. ఉడుకుతుందని భయపడి నీళ్లు ఆపిన ఇళ్లలో, ఉడకడానికి అసలేమీ మిగిలి లేదన్నమాట.

సరే, బట్టీ దగ్గరే ప్రమాదం జరిగింది, పడింది కాల్చిన సున్నమే అనుకుందాం. అప్పుడూ లెక్క నీళ్ల వైపే తేలుతుంది. గ్రాములో పదో వంతు కాల్చిన సున్నం నీళ్లతో కలిస్తే సుమారు 114 జౌళ్ల వేడి పుడుతుంది. ఆ వేడంతా ఒక్క మిల్లీలీటరు నీళ్లకు ఎక్కితే ఆ నీళ్లు 27 డిగ్రీలు వేడెక్కుతాయి. అదే వేడి లీటరు నీళ్లలో కలిస్తే డిగ్రీలో ముప్ఫయ్యో వంతు కూడా పెరగదు. కంటి పైన సహజంగా ఉండే కన్నీటి పొర మిల్లీలీటరులో వందో వంతు లోపే. కన్ను ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పైగా అది ఏడుస్తున్న పిల్లాడి కన్ను. ఆ కాసింత తడితో సున్నం ఎలాగూ ఉడుకుతుంది. నీళ్లు పోయనివ్వని వాళ్లు ఉడకడాన్ని ఆపలేకపోయారు. పుట్టిన వేడిని మోసుకుపోవాల్సిన నీళ్లను మాత్రం ఆపగలిగారు. చుక్కో రెండు చుక్కలో చిలకరిస్తే ప్రమాదమే, అందుకే ధార కావాలంటున్నాను. పొడి సున్నం రెప్పల మీద, చెంపల మీద పేరుకుని ఉంటే పొడిగుడ్డతో ఒక్కసారి దులిపేసి వెంటనే ధార పెట్టాలి. దులపడానికి రెండు మూడు సెకన్లు చాలు. కంటి లోపల ఉన్నది దులిపితే పోదు, కడిగితేనే పోతుంది.

చదువుకున్నవాళ్లలో ఇదే భయం ఇంకో రూపంలో కనిపిస్తుంది. హైస్కూల్లో సైన్సు మాస్టారు చెప్పిన జాగ్రత్త వాళ్లకు బాగా గుర్తు: యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. కాబట్టి కంట్లో యాసిడ్ పడితే దాని మీద నీళ్లు పోయకూడదని తేల్చేస్తారు. బీకరు నిండా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నప్పుడు ఆ జాగ్రత్త నూటికి నూరుపాళ్లు సరైనది. కాసిని నీళ్లు పోస్తే అవి పైనే తేలి, అక్కడికక్కడే మరిగి, యాసిడ్‌ను మొహం మీదికి చిమ్ముతాయి. కంట్లో బీకరెడు యాసిడ్ ఉండదు. పలచటి పొర ఉంటుంది, దాని మీదికొచ్చే నీళ్లు నిలవ ఉండకుండా కారిపోతూ ఉంటాయి. అదీగాక బ్యాటరీలో పోసే యాసిడ్‌లో ఆమ్లం దాదాపు మూడో వంతే, మిగతాదంతా నీళ్లే. బాత్రూములు కడిగే యాసిడ్ కూడా నీళ్లలో కరిగి ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లమే.

ఈ అపోహకు మూల్యం ఇంట్లోనే కాదు, నడిరోడ్డు మీద కూడా చెల్లిస్తున్నాం. యాసిడ్ దాడి జరిగినప్పుడు నీళ్లు పోస్తే యాసిడ్ ఒళ్లంతా పాకుతుందని చుట్టూ మూగినవాళ్లు వెనకాడతారు. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ అమ్మకాలకు షరతులు పెట్టింది, శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షన్లు వచ్చాయి. అవన్నీ కావలసినవే. కానీ దాడికి గురైన అమ్మాయి కన్ను మిగలాలంటే, దుకాణం ముందు నిలబడి చూస్తున్న మనిషి ఆ నిమిషంలో పక్కనున్న వాటర్ క్యాన్ ఎత్తి ఆమె మొహం మీద కుమ్మరించాలి. చట్టం చేరుకోలేని నిమిషం అది.

వేడి గురించి ఇంతసేపు మాట్లాడాను గానీ, సున్నం కన్ను తీసేది ముఖ్యంగా వేడితో కాదు, క్షార గుణంతో. కన్నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, ఏడుకు కాస్త పైన ఉంటుంది. సున్నపు నీటి పీహెచ్ 12 దాటుతుంది. పీహెచ్‌లో ఒక్కో అంకెకు పదింతల తేడా కాబట్టి, ఆ రెండింటి మధ్య ఉన్నది లక్ష రెట్ల తేడా. ఆమ్లం కంటి మీద పడితే, పాలలో నిమ్మరసం పిండినట్టు, పైపొరలోని ప్రోటీన్లు విరిగి గడ్డకడతాయి. ఆ గడ్డ కొంతవరకు అడ్డుపడి ఆమ్లాన్ని లోపలికి దిగనివ్వదు. గాజు చెక్కే పనిలో వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దీనికి మినహాయింపు, అది లోపలిదాకా దిగుతుంది. క్షారాలు అసలు ఆగవు. కణాల పైపొరల్లో ఉన్న కొవ్వును సబ్బుగా మార్చేస్తూ లోపలికి దారి చేసుకుంటాయి. ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో శీతలీకరణకు వాడే అమ్మోనియా సెకన్లలోనే నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాను దాటి కంటి ముందుగదిలోకి చేరుతుంది. కాస్టిక్ సోడాకు కొద్ది నిమిషాలు చాలు. "గంటలో ఆసుపత్రికి చేర్చాం" అని మనం పడే తృప్తిని ఈ సమయాల పక్కన పెట్టి చూడండి.

సున్నం వీటికంటే నెమ్మది. అది నీళ్లలో సరిగా కరగదు, లీటరు నీళ్లలో రెండు గ్రాములు కూడా కరగదు. వినడానికి ఊరటగా ఉంటుంది గానీ అసలు పీడ ఇక్కడే ఉంది. కరగని ముద్ద పైరెప్ప వెనక మడతలో ఇరుక్కుని, కన్నీటిలో కొంచెం కొంచెం కరుగుతూ, గంటల తరబడి క్షారాన్ని వదులుతూనే ఉంటుంది. కంటి ఆసుపత్రిలో దూదిపుల్ల ఆసరాతో పైరెప్పను తిరగేసినప్పుడు, పొద్దున పడిన సున్నం మధ్యాహ్నానికి కూడా తెల్లగా అక్కడే అతుక్కుని కనిపిస్తుంది. తడి దూదిపుల్లతో దాన్ని తుడిచి తీస్తే కింద పొర నెత్తురు కళ లేకుండా పాలిపోయి ఉంటుంది. పిల్లాడు ఇక ఏడవడం లేదు, నొప్పి తగ్గిందనుకుని ఇంట్లోవాళ్లు స్థిమితపడిన సమయంలో లోపల జరుగుతున్నది ఇది.

మనవాళ్లకు ఉన్న మరో ధీమాను కూడా ఇక్కడే కాదనాలి. "కన్ను ఎర్రబడలేదు, తెల్లగానే ఉంది, భయం లేదు" అంటారు. నల్లగుడ్డు అంచు చుట్టూ సన్నటి రక్తనాళాలు ఉంటాయి. అవి మాడిపోతే కన్ను ఎరుపెక్కదు, తెల్లగా పాలిపోతుంది. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు ఉండేది సరిగ్గా ఆ అంచులోనే. 1965 నాటి రోపర్-హాల్ వర్గీకరణ దగ్గర్నుంచి 2001లో దువా ప్రతిపాదించిన వర్గీకరణ వరకు, డాక్టర్లు గాయం తీవ్రతను కొలిచేది ప్రధానంగా ఆ అంచు ఎంతమేర దెబ్బతిన్నదన్న దాన్ని బట్టే. ఎర్రగా మండిపోతున్న కంటికంటే తెల్లగా నిమ్మళంగా ఉన్న కన్నే ఎక్కువ ప్రమాదంలో ఉండొచ్చు.

ఇక చిట్కాల సంగతి. నెయ్యీ ఆముదమూ చల్లగా హాయిగా ఉంటాయి, నిజమే. కానీ సున్నపు రేణువుకు జిడ్డు పట్టిందంటే తర్వాత పోసిన నీళ్లు దాన్ని అందుకోలేవు. పైగా డాక్టరు లైటు వేసి చూసేటప్పుడు అంతా మసకగా ఉంటుంది. చనుబాలు బిడ్డ కడుపుకు అమృతమే. కాలిన కంటికి అవి నాలుగు చుక్కల పాలు మాత్రమే, వాటితో కొట్టుకుపోయేదేమీ ఉండదు, పొర లేచిపోయిన కంట్లోకి క్రిములు చేరే అవకాశం మాత్రం ఉంది. నోటితో ఊదడం, నాలుకతో నలుసు తీయడం దుమ్ము పడినప్పుడే మంచిది కాదు, రసాయనం పడినప్పుడు తీసే నాలుక కూడా కాలుతుంది.

వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది విరుగుడు వాదం. సున్నం క్షారం కదా, నిమ్మరసం చుక్క వేస్తే సరి. యాసిడ్ పడితే వంటసోడా నీళ్లు. ఇది చదువు పేరుతో చెప్పే మాట కాబట్టి నమ్మేవాళ్లూ ఎక్కువే. ఆమ్లం, క్షారం కలిసినప్పుడూ వేడి పుడుతుంది. ఎంత సున్నం పడిందో తెలియదు, ఎంత నిమ్మరసం కావాలో తెలియదు. ఒక్క చుక్క ఎక్కువైతే అప్పటికే పొర పోయిన కంటి మీద రెండో గాయం. పడింది ఆమ్లమో క్షారమో చాలాసార్లు ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. నీళ్లు పోయడానికి మాత్రం పడిందేమిటో తెలియాల్సిన పని లేదు. ఉన్నదాన్ని పలచన చేస్తాయి, రేణువుల్ని కొట్టుకుపోతాయి, వేడిని లాగేస్తాయి. మూడు పనులూ ఒకేసారి.

ఆసుపత్రికి ముందు పరుగెత్తాలనే వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. కంటి డాక్టరు తప్పకుండా చూడాలి, ఆ రోజే చూడాలి. యాంటీబయాటిక్ చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు, విటమిన్ సి, అవసరమైతే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరచడం, ఇవేవీ ఇంట్లో అయ్యేవి కావు. కానీ ఆ డాక్టరు మొట్టమొదట చేసే పని ఏమిటి? పేరు రాసుకోకముందే, చూపు పరీక్షించకముందే, కంటిని కడగడం. సెలైనో రింగర్ లాక్టేటో సీసా వేలాడదీసి, గొట్టంతో ధార పెట్టి, పీహెచ్ కాగితం మామూలు రంగు చూపించేదాకా కడుగుతారు. అదే పని మీ పెరట్లో కుళాయి దగ్గర గంట ముందు మొదలయ్యేది. ఆ గంటలో లోపలికి దిగిన క్షారాన్ని ఏ డాక్టరూ వెనక్కి లాగలేరు. 108కి ఫోన్ చేయండి, చేయాలి కూడా. ఒకరు ఫోన్ మాట్లాడుతుంటే ఇంకొకరు కడుగుతూ ఉండాలి.

కుళాయి నీళ్లలో క్రిములుంటాయి కదా అన్నది అందరికంటే చదువుకున్నవాళ్ల అభ్యంతరం. కుళాయి నీళ్లలో లవణాలు కంటి ద్రవంలో కంటే తక్కువ కాబట్టి కార్నియా కాస్త ఉబ్బుతుంది, లవణాలు సమంగా ఉన్న ద్రావణాలు మేలన్న చర్చ కంటి వైద్యంలో నిజంగానే ఉంది. ఆసుపత్రిలో అవి వాడతారు, వాడాలి. కానీ అవి దొరికేదాకా నీళ్లు పోయకుండా ఆగమన్న డాక్టరు ఎవరూ లేరు. క్రిములకు రేపు మందుంది. చచ్చిపోయిన మూలకణాలకు మందు లేదు. తాగే నీళ్లు ఉంటే అవే వాడండి. లేకపోతే కుళాయి, అదీ లేకపోతే బోరు. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, అప్పుడు కుండలోనో డ్రమ్ములోనో ఉన్న నీళ్లు ముంచుకోండి.

"కడిగాం కదండీ" అంటారు చాలామంది. ఏం కడిగారని అడిగితే, కన్ను గట్టిగా మూసుకుని ఉండగానే మొహం మీద నాలుగు దోసిళ్లు కొట్టుకోవడమే అని తేలుతుంది. అలా కడిగితే తడిసేది రెప్పలే. రసాయనం పడిన కన్ను తనంతట తాను తెరుచుకోదు, రెప్పలు బిగుసుకుపోతాయి. ఇంకో మనిషి కావాలి. చిన్నపిల్లలైతే తువ్వాలుతో చేతులు కలిపి చుట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని, దెబ్బ తగిలిన కన్ను కిందివైపుకి వచ్చేలా తల పక్కకు వంచాలి. లేకపోతే కడిగిన నీళ్లు బాగున్న కంట్లోకి పోతాయి. బొటనవేలితో కింది రెప్పను కిందికి, చూపుడువేలితో పై రెప్పను పైకి, ఎముక మీద ఆనించి లాగి పట్టుకోవాలి. గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. రెండోవాళ్లు చెంబుతో గానీ మగ్గుతో గానీ ముక్కు వైపు నుంచి చెవి వైపుకి, జానెడు ఎత్తు లోపు నుంచి, ధార తెగకుండా పోయాలి. పైకి చూడమనాలి, కిందికి, పక్కలకి చూడమనాలి. రెప్పల వెనక దాక్కున్నది అప్పుడే బయటికొస్తుంది. కాంటాక్ట్ లెన్సు ఉంటే కడుగుతూనే తీసేయాలి, దానికోసం కడగడం ఆపకూడదు. పిల్లాడు అరుస్తాడు, తన్నుతాడు. చూడలేక ఆపేస్తారు చాలామంది తల్లిదండ్రులు. దయచేసి ఆపొద్దు.

ఎన్ని నీళ్లు కావాలన్నదానికి కొలత ఉంది. కంటిని కడిగే పరికరాలకు అమెరికాలో పెట్టుకున్న ప్రమాణం నిమిషానికి లీటరున్నర చొప్పున పావుగంట. అంటే 22 లీటర్ల పైమాట. మన ఇళ్లలో వేయించుకునే 20 లీటర్ల క్యాన్ ఒకటి, ఇంకొంచెం. అదే ప్రమాణం ఆ పరికరం ప్రమాద స్థలానికి 10 సెకన్ల నడక లోపు ఉండాలంటుంది. పది నిమిషాలు కాదు, పది సెకన్లు. ఇక్కడ మన కార్ఖానాల సంగతి వస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. గోడకు తగిలించిన ఆ తెల్లపెట్టెలో దూది, కట్లు, అయోడిన్ ఉంటాయి. 22 లీటర్ల నీళ్లు ఏ పెట్టెలోనూ పట్టవు. ప్రథమ చికిత్స అంటే పెట్టె అనుకున్నన్నాళ్లూ రసాయనం పడిన కన్నుకు ఆ గోడ దగ్గర దొరికేది ఏమీ ఉండదు. పెద్ద మందుల కంపెనీల్లో కంటి ఫౌంటెన్లు ఉంటాయి. చిన్న షెడ్లలో, బ్యాటరీ షాపుల్లో, సబ్బుల తయారీలో, కట్టుబడి జరిగే చోట సిమెంటు కలిపే కూలీల దగ్గర ఏముంటాయి? అక్కడ ఒక డ్రమ్ము మంచినీళ్లు, ఒక మగ్గు, మూత పెట్టి ఉంచితే చాలు. కొత్త యంత్రమేదీ అడగడం లేదు.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్లను చూడండి. గాలికి ఎదురు తిరిగితే అంతా మొహం మీదికే. గట్టు మీద బోరు ఉంటుంది, దాని పైపు చేతికందేలా పెట్టుకుని పని మొదలుపెట్టాలని వాళ్లకు చెప్పే నాథుడు లేడు. పత్తిచేలో మందు కొట్టేవాళ్ల పరిస్థితీ ఇంతే. పురుగుమందు కంటి ద్వారా ఒంట్లోకీ ఎక్కుతుంది కాబట్టి వాళ్ల విషయంలో కడగడానికి రెట్టింపు కారణం ఉంది. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ లీకైన రోజులాగా గాలిలోనే రసాయనం ఉంటే ముందు అక్కడి నుంచి బయటపడాలి, బయటపడ్డ వెంటనే కడగాలి. పేలుడులో రసాయనంతో పాటు గాజు పెంకో ఇనుప ముక్కో గుడ్డులో గుచ్చుకుందనిపిస్తే దాన్ని కదపకుండా, ఒత్తకుండా, మెల్లగా కడగాలి. నీళ్లు మాత్రం అక్కడా మానకూడదు.

ఖైనీలో నలుపుకునే సున్నం చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తుంది. కిళ్లీకొట్టు తాళ్లకు దండలుగా వేలాడుతుంటుంది. పిల్లల చేతికి అది ఆటవస్తువు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే ఫట్‌మని పగిలి నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది. ఢిల్లీ ఎయిమ్స్ కంటి వైద్యులు 2006లోనే ఈ ప్యాకెట్ల వల్ల తీవ్రంగా దెబ్బతిన్న కళ్ల గురించి అంతర్జాతీయ వైద్య పత్రికలో రాశారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఇలా కాలిన కళ్ల కోసం ఒక శస్త్రచికిత్సను రూపొందించారు. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ముక్కలుగా కోసి, కాలిన కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద అతికిస్తారు. వాటి నుంచి కొత్త పొర పెరుగుతుంది. 2012లో డాక్టర్ వీరేంద్ర సంగ్వాన్ బృందం దీన్ని ప్రచురించింది. ఖర్చు తగ్గించిన గొప్ప పని అది, మన నేల మీద జరిగింది. దానికి కూడా బాగున్న రెండో కన్ను కావాలి. రెండు కళ్లూ కాలితే ఇంకొకరి కణజాలం తెచ్చి పెట్టాలి, దాన్ని శరీరం తోసిపుచ్చకుండా ఏళ్ల తరబడి మందులు మింగాలి. ఇంత శ్రమతో తిరిగి తెచ్చుకునే చూపులో కొంతైనా మొదటి నిమిషంలో నీళ్లతో నిలబెట్టుకోగలిగిందే.

కాబట్టి అడుగుతున్నాను. పొగాకు ప్యాకెట్ మీద క్యాన్సర్ బొమ్మ వేయించగలిగిన ప్రభుత్వం, దాని పక్కన అమ్మే సున్నం ప్యాకెట్ మీద ఒక్క వాక్యం వేయించలేదా? "కంట్లో పడితే వెంటనే అరగంట నీళ్లతో కడగండి." యాసిడ్ సీసా మీద, బ్లీచింగ్ సంచి మీద, సిమెంటు బస్తా మీద, చదవగలిగే సైజులో, తెలుగులో. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఊరూరా తిరిగి ఎన్నో చెబుతున్నారు, ఇదొకటి చేర్చాలి. బడిలో యాసిడ్‌ను నీళ్లలో పోయాలన్న పాఠం చెప్పిన రోజే, అదే పీరియడ్‌లో, ఒక పిల్లాణ్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి ఇంకొకడి చేత రెప్పలు పట్టించి కడగడం చేయించి చూపించాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్టో డబ్బానో వెంట తీసుకెళ్లాలని, ఎప్పుడు పడింది, ఎంతసేపు కడిగాం అన్నది డాక్టరుకు చెప్పాలని కూడా ఆ పిల్లలకే నేర్పాలి. ఇంటికెళ్లి పెద్దావిడ కేకకు ఎదురు చెప్పగలిగేది వాళ్లే. "లేదు నాయనమ్మా, మా టీచరు నీళ్లే పోయమన్నారు" అని మనవడు అంటే ఆవిడ వింటుంది.

చివరికి ఒక అభ్యంతరం మిగులుతుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లో, ఒక్క కంటికి క్యాన్ నీళ్లు పోయమంటారా అని. అవును, పోయమంటాను. ఇంట్లో చాలకపోతే పక్కింట్లో అడగండి, ఆ ఇంట్లోనూ లేకపోతే కిళ్లీకొట్టులో ఉన్న వాటర్ ప్యాకెట్లన్నీ తెచ్చి ఒక్కొక్కటే చించి పోయండి. ఆ పూట స్నానాలు మానేయండి, అంట్లు రేపు తోముకోండి.